ఆరో పీరియడ్ తీర్మానం

ఆ బుధవారం ఉదయం దేవీప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటల ప్రాంతంలో పాడేరు నుంచి విద్యాశాఖ అధికారిణి బిందుమాధవి వస్తుంది. ఆమె వచ్చేలోగా తొమ్మిదో తరగతి గదిలో బెంచీలు గోడవారకి జరిపించి, పిల్లల్ని చాపల మీద కూర్చోబెట్టాలి. స్వర్ణ సర్పంచి, మిగతా ఆడపిల్లలంతా ఊరి జనం. ఊరి కుళాయి పాడైంది కాబట్టి బాగు చేయించుకోవాలని వాళ్ళు ఒక ఉత్తుత్తి గ్రామసభ జరుపుతారు. ఆమె చూసి మెచ్చుకుని, హెడ్మిస్ట్రెస్ వైపు తిరిగి ఒక్క మాట అంటే చాలు. ఆ ఒక్క మాటతో ఆరో పీరియడ్ తనకి తిరిగి వచ్చేస్తుంది.

పనసగరువు ఆశ్రమ బాలికల పాఠశాలలో ఆరో పీరియడ్ సోషల్‌ది. బళ్ళు తెరిచిన కొత్తలో హెడ్మిస్ట్రెస్ హేమలత దాన్ని తీసి లెక్కల మాస్టారు వరహాలరావుకి ఇచ్చేసింది. "సోషల్‌దేముంది మాస్టారూ, పరీక్షల ముందు నాలుగు రోజులు బట్టీ పట్టిస్తే వచ్చేస్తుంది కదా" అంది. దేవీప్రసాద్ "అవునవును" అన్నాడు. అప్పటినుంచి ఆ అవునవును చేపముల్లులా అతని గొంతులోనే ఉండిపోయింది. రోజూ పొద్దున్న గడ్డం గీసుకుంటూ అద్దంలో హేమలతతో వాదిస్తాడు. అడగడం రాని పిల్లలకి లెక్కలొస్తే మాత్రం ఏం లాభం అంటాడు. అద్దంలో ఎప్పుడూ అతనే గెలుస్తాడు. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి రాగానే ఓడిపోతాడు.

ఆ రోజు కూడా అద్దంలో గెలిచి బయటికి వచ్చేసరికి, మంచులో బడి ప్రహరీగోడ మీద నలుగురు మగవాళ్ళు గొంగళ్ళు కప్పుకుని కూర్చుని ఉన్నారు.

"ఎవరి కోసం వచ్చారు?" అని అడిగాడు.

"సభకి" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

పిల్లలు ఇళ్ళల్లో చెప్పుకున్నారు కాబోలు అనుకున్నాడు. తల్లిదండ్రులు నలుగురు వచ్చి చూస్తే మంచిదే, అధికారిణి దగ్గర ఇంకాస్త నిండుగా ఉంటుంది. లోలోపల కొంచెం గర్వపడ్డాడు కూడా. ఆ గర్వం స్నానం పూర్తయ్యేదాకా నిలిచింది. స్నానం చేసి వచ్చేసరికి గోడ మీద చోటు చాలక జనం జెండా దిమ్మ చుట్టూ కూర్చుంటున్నారు. వీపున పసిపిల్లల్ని కట్టుకున్న ఆడవాళ్ళు గేటు దాటి లోపలికి వస్తున్నారు.

వంట చేసే చిన్నమ్మి గరిటె పట్టుకుని ఎదురొచ్చింది.

"సార్, పప్పులో ఎన్ని నీళ్ళు పొయ్యమంటారో బేగి సెప్పండి."

"నన్నెందుకు అడుగుతున్నావు? రోజూ ఎన్ని పోస్తావో అన్ని పొయ్యి."

"రోజూ ఆళ్ళు రారు కదేటి?" అని గరిటెతో కొండ వైపు చూపించింది.

మంచు విడిపోతోంది. వలిసెపూల పసుపు మధ్య నుంచి బడి గేటు దాకా దిగే కాలిబాట మీద జనం వరస ఎక్కడా తెగలేదు. కాఫీ పళ్ళు కోసే రోజులివి. ఈ రోజుల్లో ఈ కొండ మీదివాళ్ళు పెళ్ళికి పిలిచినా రారు. దేవీప్రసాద్ పళ్ళెం కడుక్కుంటున్న స్వర్ణని పిలిచాడు.

"వీళ్ళందరికీ ఎవరు చెప్పారు?"

"మా నాన్న సెప్పినాడు సార్" అంది స్వర్ణ సంతోషంగా. "మీరే కదా సార్, దండోరా లేకపోతే అది సభెలా అవుద్ది, పుస్తకంలో ఉన్నట్టు అన్నీ జరగాల అన్నారు?"

అన్నాడు. ఎవరో ఒక పిల్ల పళ్ళెం మీద గరిటెతో నాలుగు దెబ్బలు కొడుతుందని అతని ఉద్దేశం. స్వర్ణ తండ్రి గాసి ఈ చుట్టుపక్కల ఊళ్ళకి బారికి, అంటే తుడుము కొట్టి కబురు చెప్పేవాడు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసిన రెండు సంగతులు ఒకదానితో ఒకటి కలుస్తాయని తట్టలేదు.

"ఏమని చెప్పాడు?"

స్వర్ణ నిటారుగా నిలబడి తండ్రి రాగంలోనే అప్పజెప్పింది. "ఇనండహో! బుధవారం నాడు పనసగరువు బళ్ళో సభ. సోషల్ సారు పిలుస్తన్నాడు. పాడేరు నుంచి పెద్దమేడం వస్తన్నాది. ఇంటికొకరు రావాలహో!" రాగం ఆపి, "సంత మొత్తం తిరిగి సెప్పీసినాడు సార్" అంది.

"ఉత్తుత్తి సభ అని చెప్పలేదా మీ నాన్నకి?"

"సెప్పినాను సార్. ఉత్తుత్తికి తుడుము కొట్టడం తనకి రాదన్నాడు."

గాసి గేటు దగ్గరే ఉన్నాడు. నడుముకి తుడుము కట్టుకుని, వచ్చినవాళ్ళకి చోటు చూపిస్తున్నాడు. దేవీప్రసాద్ అతన్ని పక్కకి తీసుకెళ్ళి, ఏదో పొరపాటు జరిగిందనీ, జనాన్ని మర్యాదగా వెనక్కి పంపించెయ్యమనీ బతిమాలాడు. గాసి ఓపిగ్గా విన్నాడు.

"పంపకూడదు సార్. పిలిచిన జనాన్ని కూకోబెట్టకుండా, ఇసయం తేల్చకుండా లేపీసినామంటే తప్పు పడిపోద్ది."

"ఎవరి మీద?"

"పిలిచినోడి మీద."

"పిలిచింది నువ్వే కదా?"

"నోరు నాది సార్. పిలుపు మీది."

తప్పంటే ఏమిటో గాసి వివరించాడు. వచ్చిన జనానికంతా మేకని కోసి భోజనం పెట్టాలి. అది పెట్టేదాకా ఆ మనిషి మాట ఈ కొండ మీద ఎవరూ వినరు. మేక సంగతి వినగానే దేవీప్రసాద్‌కి చెమట పట్టింది గానీ, రెండో సంగతి ఇంకోలా తగిలింది. తన మాట ఎవరైనా వినకుండా పోవడం అతనికి కొత్త కాదు. కానీ ఇప్పుడు ఈ కొండ మొత్తం కోత మానుకుని దిగివచ్చింది తన మాట మీదే. భయం అడుగున ఎక్కడో చిన్న తీపి తగిలింది. దాన్ని గుర్తుపట్టి సిగ్గుపడేలోగా వెనక నుంచి హేమలత గొంతు వినబడింది.

"మాస్టారూ, ఒక్కసారి నా రూములోకి రండి."

రూములోకి వెళ్ళాక ఆమె తలుపు వేసింది. కిటికీ కూడా వేసింది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"మిమ్మల్ని చాలా మెత్తని మనిషి అనుకున్నాను" అంది.

"మేడమ్, ఇది నిజానికి..."

"ఏమీ చెప్పకండి. నాకంతా అర్థమైంది. పెద్ద మేడమ్ వచ్చే రోజు చూసుకుని ధర్నా! ఒక్క పీరియడ్ కోసం ఇన్ని ఊళ్ళ జనాన్ని దించుతారా అండీ?"

అతను నోరు తెరిచాడు.

"తీసుకోండి" అంది ఆమె. "మీ ఆరో పీరియడ్ మీరే తీసుకోండి. రేపటినుంచే టైంటేబుల్ మార్పిస్తాను. ఆవిడ జీపు వచ్చేలోగా వీళ్ళని మాత్రం పంపించెయ్యండి. మీకు దండం పెడతాను."

ఇన్ని నెలలుగా అద్దంలో ఎన్ని వాదనలు గెలిచినా రానిది, ఒక్క ముక్క మాట్లాడకుండా చేతికొచ్చింది. ఇది ధర్నా కాదు మేడమ్, పొరపాటు అని చెప్పాలి. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం తన కళ్ళ ముందునుంచే నడిచి వెళ్ళడం అతను చూశాడు. లోపలి మనిషి చెప్పు, చెప్పు అంటున్నాడు. బయటి మనిషి, "అవునవును" అన్నాడు.

జనాన్ని పంపలేడు కాబట్టి అధికారిణినైనా ఆపాలి. బళ్ళో ఫోన్ సిగ్నల్ దొరికేది ఒక్క నీళ్ళ ట్యాంకు మీదే. దేవీప్రసాద్ ఇనప నిచ్చెన ఎక్కి, పైన నిలబడి, చెయ్యి చాపి ఫోన్‌ని ఆకాశానికి చూపించాడు. ఒక గీత కనిపించింది. నెంబరు కలిసింది.

"మేడమ్, నేను పనసగరువు నుంచి దేవీప్రసాద్‌ని. ఇక్కడ జనం బాగా... వినిపిస్తోందా మేడమ్? జనం... ఈ రోజు కార్యక్రమం..."

"వచ్చేస్తున్నాం, ఘాట్ ఎక్కుతున్నాం" అన్న మాట వినిపించి లైను తెగిపోయింది. ఇంకో రెండుసార్లు గట్టిగా "మేడమ్! జనం!" అని అరిచి కిందికి చూశాడు. గోడ మీదివాళ్ళూ, దిమ్మ చుట్టూ ఉన్నవాళ్ళూ, గేటు దగ్గరివాళ్ళూ అందరూ వచ్చి ట్యాంకు కింద వరసలుగా కూర్చుని, మెడలెత్తి అతనికేసి చూస్తున్నారు. ఎత్తు మీదికెక్కి చెయ్యి చాపి జనం జనం అని అరిచేవాడు సభ మొదలుపెడుతున్నాడని కాక ఇంకేమనుకుంటారు?

నిచ్చెన దిగాడు. గాసి కింద ఎదురుచూస్తున్నాడు.

"జనం కూకున్నారు సార్" అన్నాడు మెల్లగా. "ఇంక ఇసయం తేలకుండా లేవకూడదు."

ఈలోగా వరహాలరావు వంటగదికి వెళ్ళి ఈ జనం దేనికొచ్చారని అడిగాడు. "ఏటో పీరియడ్ గొడవంట సార్" అంది చిన్నమ్మి. మొన్ననే ఒక పిల్లని బోర్డు దగ్గర ఏడిపించిన సంగతి వరహాలరావుకి గుర్తొచ్చింది. ఆ పిల్లకి ఎంతమంది మేనమామలు ఉంటారో అంచనా వేసుకున్నాడు. లెక్క పెద్దగానే తేలినట్టుంది. సరుకుల గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాడు.

దేవీప్రసాద్ ఒక మార్గం ఆలోచించాడు. ఎలాగూ తప్పదు కాబట్టి, పిల్లల చేత కుళాయి సభే ఈ ట్యాంకు కింద జరిపించేస్తే సరి. జనం చూస్తారు, విషయం తేలినట్టే ఉంటుంది, అధికారిణికి డెమో చూపించినట్టూ ఉంటుంది. ఆ మార్గానికి మోటారుసైకిలు అడ్డం వచ్చింది. వెనక సీటులోంచి సర్పంచి ఈశ్వరమ్మ దిగి, చెంగు బొడ్లో దోపుకుంటూ తిన్నగా అతని దగ్గరికి వచ్చింది.

"ఏటి మాస్టారూ, నాను సచ్చిపోనానా?"

"అయ్యో, అదేం మాటమ్మా!"

"మరి నా కుర్సీలో గాసి కూతుర్ని కూకోబెట్టీసినావంట? గుంటకి ఎవలు ఏసినారు ఓట్లు?"

"పాఠంలో భాగం అమ్మా. కాసేపు, ఉత్తుత్తికి..."

"ఉత్తుత్తికా? ఇంతమంది ఉత్తుత్తికే వచ్చినారా?"

జనంలో కదలిక వచ్చింది. ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. అప్పుడు స్వర్ణ ముందుకొచ్చి, రెండు చేతులూ కట్టుకుని, "పిన్నీ, మీరు కుర్సీలో కూకోండి. నాను పక్కన నిలబడి జరిపిస్తాను. తప్పు సేస్తే మీరు దిద్దండి" అంది. ఈశ్వరమ్మ ఆ పిల్లని పైనుంచి కిందిదాకా చూసి, కుర్చీ తెమ్మంది. చిన్నమ్మి కుర్చీ తెచ్చింది.

గండం గడిచిందని దేవీప్రసాద్ ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకున్న ఊపిరి వదిలేలోగా ఇంకో సంగతి తట్టింది. తుడుము మోగింది. జనం కూర్చున్నారు. అసలు సర్పంచి కుర్చీలో ఉంది. ఇందులో ఇక ఉత్తుత్తిది ఏదీ మిగల్లేదు, తను తప్ప.

జీపు వచ్చింది. గేటు దగ్గర ఆగింది గానీ, లోపల జనాన్ని చూసి కాబోలు, తలుపు తెరుచుకోలేదు. అద్దంలోంచి బిందుమాధవి కళ్ళు మాత్రం కనిపించాయి. వెనక్కి తిప్పమని డ్రైవరుకి చెబుతున్నట్టుంది. అంతలో గాసి మర్యాద కోసం తుడుము మీద ఒక వరస వాయించాడు. పిల్లలు లేచి దండం పెట్టారు. అది చూసి జనం కూడా దండం పెట్టారు. ఆమె నెమ్మదిగా దిగి, చుట్టూ చూసింది.

"క్లాసులో డెమో అని రాశారు కదండీ?" అంది. "ఇదేమిటి, నిజం ఊళ్ళే వచ్చేశాయి! ఇంతమందిని ఎలా కదిలించారు?"

దేవీప్రసాద్ జవాబు వెతుక్కునేలోగా హేమలత ముందుకొచ్చింది. గాలి మారిందని ఆమెకి అందరికంటే ముందు తెలుస్తుంది. "మా సోషల్ మాస్టారి ఆలోచన మేడమ్. మొదటినుంచీ నేనే ప్రోత్సహిస్తున్నాను" అంది.

సభ మొదలైంది. స్వర్ణ గొంతు మొదట సన్నగా పలికి, తర్వాత తెరుచుకుంది. "ఈ రోజు ఇసయం, ఊరి కుళాయి పాడైపోనాది" అంది.

"ఏ ఊరిది?" అని ఎవరో అడిగారు.

స్వర్ణ దేవీప్రసాద్ వైపు చూసింది. కుళాయి పాఠంలోది. దానికి ఊరు లేదు. వెనక వరసలోంచి కాఫీ రైతు ఫల్గుణ లేచాడు. పొడుగాటి మనిషి, తలపాగాలో కాఫీ ఆకు చిక్కుకుని ఉంది.

"మా కుళాయి బాగానే ఉన్నాది. పాడైపోనాదని ఎవలన్నారు?"

"మాదీ బాగానే ఉన్నాది" అని ఇంకో పక్కనుంచి వినిపించింది.

"పళ్ళు సెట్టుమీద ఒగ్గీసి వచ్చినాం" అన్నాడు ఫల్గుణ. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. "బాగున్న కుళాయి కోసమేటి మమ్మల్ని పిలిచినారు?"

తలలన్నీ దేవీప్రసాద్ వైపు తిరిగాయి. ఇసయం లేకపోనా తప్పే సార్, అని గాసి చెవిలో ఊదాడు. అధికారిణి పెన్ను తెరిచి పట్టుకుని ఉంది. హేమలత నేల చూస్తోంది. ఎక్కడో ఒక పసిపిల్ల ఏడ్చి ఊరుకుంది. దేవీప్రసాద్‌కి ఈ జనమంతా లేచి వెళ్ళిపోవడం, తను మేకని వెతుక్కుంటూ కొండలు తిరగడం, అద్దంలో ఇక తన ముఖమే తన మాట వినకపోవడం, అన్నీ ఒక్కసారే కనిపించాయి.

"ఇంకో ఇసయం ఉన్నాది" అంది స్వర్ణ.

అందరూ ఆమె వైపు చూశారు.

"ఆరో పీరియడ్ మాకు సోషల్. దాన్ని తీసి లెక్కలకి ఇచ్చీసినారు. ఎవలనడిగి ఇచ్చినారో మాకు తెలీదు. ఏజెన్సీలో బడి గురించి అడిగే హక్కు సభకి ఉన్నాదని సోషల్ సారు సెప్పినారు. అందుకని అడుగుతున్నాం."

హేమలత తలెత్తి దేవీప్రసాద్‌ని చూసింది. ఆ చూపులో, నాకు ముందే తెలుసు అని ఉంది. ఇప్పుడు ఏం చెప్పినా ఆమె నమ్మదు. కాసేపటి క్రితం ఆమె అపోహ, ఇప్పుడు నిజమైపోయింది.

"సోషలంటే ఏటి?" అని అడిగాడు ఫల్గుణ.

ఇన్నాళ్ళూ అద్దం ముందు అతను ఎదురుచూసిన ప్రశ్న అదే. లేచి నిలబడ్డాడు. అద్దంలో చెప్పిన వాక్యాలన్నీ ఎదురుగా ఉన్న ముఖాలని చూసి తలో దిక్కుకీ పారిపోయాయి.

"సోషల్ అంటే..." అన్నాడు. "ఇదే. ఇలా కూర్చోవడం."

జనం మిగతాదాని కోసం ఎదురుచూశారు. మిగతాది లేదు. అతను కూర్చున్నాడు.

"కూకోడం మాకొచ్చు" అన్నాడు ఫల్గుణ. "లెక్కలే రావు. మా పెద్దగుంటకి పాలిటెక్నిక్ సీటు లెక్కల్లోనే పోనాది. అన్నిట్లోనూ వచ్చినాయి మార్కులు, దాంట్లోనే రాలేదు. ఇప్పుడది నాతో పళ్ళు కోస్తన్నాది. సిన్నదానికీ అలాగే అవ్వాలేటి?"

"అవును, లెక్కలు రావాల" అంది బిడ్డని ఒళ్ళో వేసుకున్న ఒకామె. "సంతలో సావుకారు కాఫీ తూస్తే మిషన్ మీద అంకెలు గిర్రున తిరుగుతాయి. ఆడు సెప్పిందే మనకి లెక్క."

ఈశ్వరమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. "అంకె సదివితే సాలదే. ఇదేటి ఇలాగున్నాదని అడగడం రావాల. నాకు కూడికలూ తీసివేతలూ సిన్నప్పుడే వచ్చు. సర్పంచినయ్యాక పాడేరు ఆఫీసులో నోరు తెరవడానికి ఎన్నాళ్ళు పట్టిందో నీకేటి తెలుసు? ఆ అడగడం బళ్ళోనే నేర్పితే మంచిదే కదేటి?"

"ఇంట్లో నీ నోటికి సోషల్ అక్కర్లేదులే" అని వెనకనుంచి ఒక ముసలాయన అన్నాడు. జనం గొల్లుమన్నారు. ఈశ్వరమ్మ కూడా నవ్వి, "నీకు మాత్రం ఆరు పీరియడ్లూ పెట్టించాల మావా" అంది.

వాదన పెరిగింది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డం రాబోతే స్వర్ణ చెయ్యెత్తి ఆపింది. మాట్లాడనివాళ్ళ వైపు తిరిగి, "మీరేమంటారు అమ్మమ్మా?" అని అడిగింది. అడిగించుకున్న ఒక ముసలామె సిగ్గుపడి, తర్వాత లేచి, రెండూ కావాలని చెప్పి, తనే ఆశ్చర్యపోయి కూర్చుంది. దేవీప్రసాద్ ఇది తన పీరియడ్ గురించిన తగువని కాసేపు మర్చిపోయాడు. పుస్తకంలో ఒక పేజీలో ఉండే బొమ్మ లేచి నడుస్తున్నట్టుంది. బొమ్మలోని మనుషులు తనకి వ్యతిరేకంగా బాగా మాట్లాడుతున్నారు. వాళ్ళ వాదనలో తప్పు పట్టడానికి అతనికి ఏమీ దొరకలేదు. సరుకుల గది తలుపు కిర్రుమంది. గాలి లెక్కల వైపు వీస్తోందని వరహాలరావు చెవిన పడినట్టుంది. చొక్కాకి అంటిన పిండి దులుపుకుంటూ, మొదటినుంచీ అక్కడే ఉన్నవాడిలా వచ్చి నిలబడ్డాడు.

"ఇంక తేల్చీండమ్మా, కోతకి పోవాల" అన్నారు వెనక వరసలవాళ్ళు.

జెండా దిమ్మకి కుడి పక్కకి లెక్కలు, ఎడమ పక్కకి సోషల్ అని స్వర్ణ చెప్పింది. చెప్పగానే తొమ్మిదో తరగతి మొత్తం బిలబిలమంటూ లేచి ఎడమ పక్కకి పరిగెత్తింది. వాళ్ళ వెనకాల ఎనిమిదీ పదీ కూడా లేచాయి. ఎడమ పక్క నిండిపోయింది. దేవీప్రసాద్ గెలిచేశాడు. అద్దంలో కాదు, ఎండలో.

స్వర్ణ మాత్రం కదల్లేదు. పెదవి కొరుక్కుంటూ నిలబడింది.

"ఆగండే" అంది కాసేపటికి. "పద్దెనిమిదేళ్ళు నిండనోళ్ళకి సభలో ఓటు లేదు. సోషల్ సారు సెప్పినారు."

చెప్పి, దేవీప్రసాద్ వైపు చూసింది. ఏదో ఒక మినహాయింపు ఉంది, ఆయన ఇప్పుడు చెబుతాడు అన్న ఆశ ఆ కళ్ళల్లో స్పష్టంగా కనిపించింది. పాఠం చెబుతూ బోర్డు మీద ఆ మాట కింద ఎర్ర సుద్దముక్కతో గీత గీసింది తనే. అతను మెల్లగా తలూపాడు. ఆడపిల్లలు ఒక్కొక్కరే వెనక్కి వచ్చి కూర్చున్నారు. ఎడమ పక్క ఈశ్వరమ్మ, పసిపిల్లల తల్లులు కొందరు, ఎటు నిలబడాలో తెలియక ఆగిపోయిన ఒక తాత మిగిలారు. కుడి పక్కని లెక్కపెట్టే పనే లేదు.

ఆరో పీరియడ్ లెక్కలకే ఉండాలని తీర్మానం అయింది.

బిందుమాధవి లేచి చప్పట్లు కొట్టింది. "ప్రసాద్ గారూ, ఇలాంటి సోషల్ క్లాసు నేనెక్కడా చూడలేదు" అంది. తర్వాత హేమలత వైపు తిరిగి, "ఇంత బాగా చెప్పే మాస్టారి పీరియడ్ లెక్కలకివ్వడం ఏమిటండీ? వెంటనే ఇచ్చెయ్యండి" అంది.

"పొద్దున్నే ఇచ్చేశాను మేడమ్" అంది హేమలత. "మాస్టారినే అడగండి."

"ఆ తీర్మానం సంగతేముంది, డెమోయే కదా" అంది బిందుమాధవి నవ్వుతూ. "అంతే కదండీ?"

ఏ ఒక్క మాట కోసం పొద్దున్న లేచాడో ఆ మాట వచ్చేసింది. దానికి తను కలపాల్సింది కూడా ఒక్క మాటే, అదీ అలవాటైన మాటే. నోటి చివర సిద్ధంగా ఉంది. జనం ఇంకా లేవలేదు. ఆ పెద్దమేడం ఏమంటుందో అర్థం కాక, సోషల్ సారు ఏమంటాడో వినడానికి చూస్తున్నారు. గాసి చేతులు తుడుము మీద ఆగి ఉన్నాయి. స్వర్ణ తలవంచుకుని కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీస్తోంది. ఓడిపోయినందుకు ఆ పిల్ల ఏడవడం లేదు. ఇప్పుడు తను అవునవును అంటే ఏడుస్తుందని అతనికి ఎందుకో అనిపించింది.

"కాదు మేడమ్" అన్నాడు దేవీప్రసాద్. "సభ కూర్చుంది, తేల్చింది. ఆ తీర్మానం చెల్లుతుంది. పీరియడ్ లెక్కలదే."

గాసి తుడుము వాయించాడు. జనం లేచారు. ఫల్గుణ వెళ్తూ వెళ్తూ దేవీప్రసాద్ ముందు ఆగి, "కోపం పెట్టుకోకు సారూ, మళ్ళీ పిలిస్తే వస్తాం" అన్నాడు. చిన్నమ్మి నీళ్ళ పప్పు అందరికీ సరిపోయింది. పప్పెక్కడుందని మాత్రం ఎవరూ అడగలేదు.

మర్నాడు ఆరో పీరియడ్‌లో దేవీప్రసాద్ స్టాఫ్ రూములో ఒక్కడే కూర్చున్నాడు. గోడ అవతల వరహాలరావు సుద్దముక్క టకటకలాడుతోంది. కాసేపటికి అది ఆగింది. స్వర్ణ గొంతు వినిపించింది.

"సార్, ఈ రోజు ఈ లెక్క సెయ్యాలని ఎవలు తీర్మానం సేసినారు?"

వరహాలరావు ఏదో గద్దించాడు. "నిన్న సభలో మాకు ఓటు లేదు సార్. ఈ క్లాసులో అందరిదీ ఒకటే వయసు" అంది ఇంకో గొంతు. తర్వాత చాలాసేపు సుద్దముక్క చప్పుడు వినిపించలేదు.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం వరహాలరావు పీరియడ్ మధ్యలోనే స్టాఫ్ రూములోకి వచ్చాడు. జుట్టంతా సుద్దపొడి. కుర్చీలో కూలబడి, "మాస్టారూ, మీకు పుణ్యముంటుంది, మీ పీరియడ్ మీరు తీసేసుకోండి బాబూ" అన్నాడు. "ఏ సూత్రం చెప్పినా, వ్యతిరేకించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నారు. ఉంటున్నారు కూడా!"

"నా చేతుల్లో ఏముంది మాస్టారూ? సభ చేసిన తీర్మానం. మార్చాలంటే మళ్ళీ సభే కూర్చోవాలి."

"అయితే పిలిపించండి ఆ గాసిని. నా పేరు మీదే తుడుము కొట్టమనండి."

"కొడతాడు. విషయం తేలకపోతే మాత్రం తప్పు పిలిచినవాడి మీద పడుతుంది."

"తప్పంటే?"

"మేక."

వరహాలరావు ఆలోచనలో పడ్డాడు. గోడ అవతల బల్లలు దబదబ మోగాయి. ఒక్కసారిగా కేకలు, తర్వాత చప్పట్లు.

"ఏమిటది?" అని అడిగాడు దేవీప్రసాద్.

"పైథాగరస్" అన్నాడు వరహాలరావు నీరసంగా. "చర్చ అయిపోయింది, ఓటింగ్‌కి పెట్టారు."

పైథాగరస్ రెండు ఓట్ల తేడాతో గట్టెక్కాడు.